తలకిందుల ఆరు

నాకు వచ్చిన మార్కు నాలుగు వందల తొంభై రెండు. ఆ అంకె మా చర్చి ముందున్న బోర్డు మీద పద్నాలుగు వారాలు ఉంది. "మా లీటా గేహార్ట్‌కి అభినందనలు, 492" అని. అంకెల పెట్టెలో తొమ్మిది లేకపోయేసరికి మా పాస్టరు, బ్రదర్ అర్లిస్, కింది వరుసలో "సాయంత్రం ప్రార్థన 6 గంటలకు" అని ఉన్నచోటు నుంచి ఆరును పీకి, తలకిందులు చేసి నా మార్కులో పెట్టాడు. ఆ వేసవంతా సాయంత్రం ప్రార్థన ఎన్ని గంటలకో బోర్డు చెప్పలేదు. ఎవరూ అడగనూ లేదు. ఊళ్లో అందరం పుట్టినప్పటి నుంచీ ఆరింటికే వెళ్తున్నవాళ్లం.

నన్ను బోర్డెక్కించింది మా నాన్న డెల్మర్. ఇరవై ఆరేళ్లు బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా బోల్టులు బిగించిన మనిషి. ఇప్పుడు ముక్కుకి ఆక్సిజన్ గొట్టం పెట్టుకుని వంటింట్లో కిటికీ పక్క కుర్చీలో కూర్చుంటాడు. మే నెల చివర్లో నా ఫలితం వచ్చినప్పుడు కూడా అక్కడే కూర్చుని ఉన్నాడు.

"ఎంతొచ్చింది?" అన్నాడు.

"నాలుగు వందల తొంభై రెండు."

"ఎంతకి?"

"ఐదు వందల ఇరవై ఎనిమిదికి."

గోడమీది క్యాలెండర్ దించి, దాని అంచు మీద పెన్సిలుతో లెక్క వేశాడు. గని మనిషికి శాతాలంటే గౌరవం. గాలిలో గ్యాసు ఎంత శాతం, పింఛను ఆఫీసువాళ్లు పరీక్షకి గొట్టంలోకి ఊదించినప్పుడు ఊపిరి ఎంత శాతం, అంతా శాతాల మీదే బతికారు వాళ్లు. "తొంభై మూడు," అన్నాడు తలెత్తి. "తొంభై మూడు శాతం తెచ్చుకున్నావే తల్లీ." అని నవ్వాడు. మార్చిలో అమ్మ పోయాక నాన్న నవ్వడం అదే మొదలు.

నేను చెప్పాల్సిన మాట ఒకటుంది. వైద్య కళాశాలల ప్రవేశ పరీక్షలో లెక్క సున్నా నుంచి మొదలవదు. నాలుగు వందల డెబ్బై రెండు నుంచి మొదలవుతుంది. బల్లమీద తల పెట్టుకుని నిద్రపోయి వచ్చినా అంత ఇస్తారు. అంటే నిద్రపోయినదానికంటే నేను ఇరవై మెట్లు పైకెక్కాను, యాభై ఆరు మెట్లలో. దేశం మొత్తం మీద సగటు ఐదు వందలు. నాకు మాట నోటిదాకా వచ్చింది. కానీ ఆయన నవ్వుతున్నాడు. "ఊఁ," అన్నాను.

ఆ ఊఁ నన్ను పద్నాలుగు వారాలు వెంటాడింది.

అమ్మ పేరు ఓపల్. మార్చి రెండో వారంలో గిన్నెలు కడుగుతూ కడుగుతూ సింకు దగ్గరే కూలిపోయింది. పరీక్ష ఏప్రిల్ చివర్లో. తారీఖు ఎంచి ఫారం నింపింది అమ్మే కాబట్టి వెళ్లాను. ఏడున్నర గంటలు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఒక్క ప్రశ్న కూడా గుర్తులేదు, ఏసీ చప్పుడు తప్ప. సమాధి దగ్గరా ఏడవలేదు, పరీక్ష దగ్గరా భయపడలేదు. విల్మా అత్త నన్ను చూసి "గుండె రాయి చేసుకుంది పాపం" అని అందరికీ చెప్పేది. నేను చేసుకున్నదేమీ లేదు. లోపల చెయ్యి పెట్టి తడిమితే ఏమీ తగలనట్టు ఉండేది, అంతే.

నేను డాక్టర్ ఎమెట్ ఊస్లీ గారి క్లినిక్‌లో నాలుగేళ్లుగా బీపీలు చూసి, కాగితాలు రాసే పని చేస్తున్నాను. ఆయన ఆస్టియోపతి చదివిన డాక్టరు. తలుపు మీద ఆయన పేరు పక్కన ఉన్న అక్షరాలేమిటని కొత్తవాళ్లు అడిగితే మా ఊరివాళ్లు "మందులూ రాస్తాడు, చేత్తోనూ పడతాడు" అని చెబుతారు. ఇంతకంటే బాగా చెప్పినవాళ్లని నేను చూడలేదు. నేను చదవాలనుకున్నదీ అదే చదువు.

జూన్ మొదట్లో ఒక పొద్దున, రోగులు రాకముందు, ఆయన బల్ల ముందు నిలబడి మార్కు చెప్పాను.

"తక్కువే," అన్నారాయన.

"తెలుసండి."

"చాలా కళాశాలల్లో నీ కాగితం మనిషి చేతికి కూడా వెళ్లదు. యంత్రమే పక్కన పెట్టేస్తుంది. మళ్లీ రాస్తావా?"

"మళ్లీ రాసినా అంతే వస్తుందేమో. బుర్ర ఖాళీగా ఉంది డాక్టరు గారూ. చదివింది ఎక్కడా నిలవట్లేదు."

ఆయన కళ్లజోడు తీసి చొక్కా అంచుతో తుడిచారు. "నీ గురించి ఉత్తరం రాసి పంపుతాను. నువ్వు చూడకూడదు, అదీ పద్ధతి. చూడనని ఫారంలో టిక్కు పెట్టు."

"పెట్టేశానండి."

"అది సరే గానీ, వస్తూ వస్తూ చర్చి బోర్డు చూశాను. లెక్క ఎక్కడ మొదలవుతుందో మీ నాన్నకి చెప్పావా?"

బల్ల మీది బీపీ పట్టీ చుట్టి సర్దాను. ఆయన కళ్లజోడు పెట్టుకుని మొదటి రోగిని పిలవమన్నారు.

నాన్న బుధవారం బుధవారం క్లినిక్‌కి వచ్చేవాడు. వెల్లకిలా పడుకోబెట్టి, వీపు కింద చేతులు పెట్టి, పక్కటెముకలు ఒక్కొక్కటే మెల్లగా పైకి లేపి పట్టుకునేవారు డాక్టరు గారు. మందుకి లొంగని ఊపిరి కాస్త సర్దుకునేది. గనిలో దుమ్ము పీల్చినవాళ్లందరూ అందుకోసమే వచ్చేవాళ్లు. ఆ వేసవిలో ఆయన ఒకవైపు తను నిలబడి, రెండోవైపు నన్ను నిలబెట్టారు.

"నొక్కొద్దు. వేళ్లు వంచి, బరువంతా వాటిమీద పడనివ్వు. ఏం తెలుస్తోంది?"

"ఏమీ తెలియట్లేదండి."

"ఆగు. ఇప్పుడు?"

"ఇప్పుడూ ఏమీ లేదు."

"ఆగమన్నాను కదా."

నాన్నకి పడుకుంటే నోరు ఊరుకోదు. "డాక్టరూ, ఇంకో ఏడేళ్లు ఓపిక పట్టు. చదువు నాలుగు, ఆ తర్వాత ఆసుపత్రిలో మూడు. నా కూతురొచ్చి నీ కుర్చీ ఎక్కుతుంది."

"ఏడేళ్లకి నాకు డెబ్బై ఎనిమిది, డెల్మర్."

"నాకెన్నుంటాయో అది చెప్పు ముందు."

ఇద్దరూ నవ్వారు. నాన్న నవ్వు దగ్గులోకి తిరిగింది. నా వేళ్ల మీద ఆయన పక్కటెముకలు ఎగిరెగిరి పడుతున్నాయి. నాకు అప్పటికీ ఏమీ తెలియలేదు.

ఐదు కళాశాలలకి దరఖాస్తు పెట్టాను. జులైలో ఒకటి వద్దంది, ఆగస్టులో మరో రెండు వద్దన్నాయి. మూడూ ఒకే మనిషి రాసినట్టున్నాయి. "మీ ఆసక్తికి ధన్యవాదాలు" అని మొదలు, "మీ భవిష్యత్తుకు శుభాకాంక్షలు" అని చివర. ఒకటి ఎవరికో బీపీ చూస్తుండగా ఫోన్లో వచ్చింది. చదివి, ఫోన్ జేబులో పెట్టి, నూట నలభై బై తొంభై అని రాసుకున్నాను.

నాన్నకి మాత్రం ఒళ్లు మండిపోయింది. పైగా ఊరంతా ఆజ్యం పోసేది. కొట్లో కనబడితే చాలు విల్మా అత్త నా బుట్ట పట్టుకుని ఆపేది. "ఇంకా పిలవలేదా? తొంభై మూడొచ్చిన పిల్లని పిలవకపోతే ఇంకెవర్ని పిలుస్తారంట? వాళ్ల మొహాలకి నూటికి నూటపది రావాలేమో." అక్కడున్న నలుగురూ అవునవునని తలలూపేవాళ్లు. నేనూ ఊపి, పాల ప్యాకెట్ తీసుకుని బయటపడేదాన్ని. ఇంటికొచ్చేదారిలో బోర్డు మీద నా పేరు నాకంటే ముందే నన్ను చూసేది.

ఆగస్టు ఆఖరి శనివారం, సాయంత్రం ఎండ తగ్గాక, ఇద్దరం వరండాలో కూర్చుని బీన్స్ ఒలుస్తున్నాం. ఏటా ఆ పని అమ్మది. సీసాల్లో పెట్టి చలికాలమంతా వండేది. ఈ ఏడు తీగలు ఎవరూ పట్టించుకోకపోయినా విరగకాశాయి. నాన్న ఒళ్లో పాత పేపరు పరుచుకుని పీచు దానిమీద వేస్తున్నాడు.

"నాకు అర్థమైంది," అన్నాడు. "మన పోస్టు ముద్ర చూసి పక్కన పడేస్తున్నారు."

"కంప్యూటర్లో పంపాను నాన్నా. ముద్ర ఉండదు."

"అడ్రసు ఉంటుందిగా. కొండల్లోవాళ్లంటే లోకువ వాళ్లకి. ఊపిరి జబ్బు పింఛను ఇవ్వమని మేం మొత్తుకున్నప్పుడూ ఇంతే. అప్పుడేం చేశాం? ఇంటికో ఉత్తరం రాశాం. రెండు వందల ఉత్తరాలు మూటకట్టి పంపితే దిగొచ్చారు." ఆగి ఊపిరి తీసుకున్నాడు. "రేపు చర్చిలో లేచి అడుగుతాను. ఇంటికో ఉత్తరం. తొంభై మూడు శాతం వచ్చిన పిల్లకి సీటు ఎందుకివ్వరో చెప్పమని."

రెండు వందల ఉత్తరాలు. ప్రతి దాంట్లోనూ తొంభై మూడు. ఏదో ఆఫీసులో ఎవరో వాటిని విప్పి చదివి ఒకరికొకరు చూపించుకుంటారు. నా మొహం చూసి నవ్వితే నాకేం పోదు. నాన్నని చూసి నవ్వుతారు.

"ఉత్తరాలొద్దు నాన్నా."

"ఎందుకొద్దు?"

"ఆ పరీక్షలో లెక్క సున్నా నుంచి మొదలవదు. నాలుగు వందల డెబ్బై రెండు నుంచి. ఏమీ రాయకపోయినా అంత వేస్తారు."

ఆయన చేతిలో బీన్స్ కాయ ఆగిపోయింది. చొక్కా జేబులోంచి పెన్సిల్ తీసి, ఒళ్లోని పేపరు మీద పీచు పక్కకి తోసి, తీసివేత వేశాడు. ఇరవై. మళ్లీ తీసివేత. యాభై ఆరు. భాగించాడు. నమ్మకం కుదరక మళ్లీ ఒకసారి భాగించాడు.

"ముప్పై ఆరు," అన్నాడు.

"దాదాపు."

"అర్లిస్‌కి తెలుసా?"

"తెలీదు."

"డాక్టరుకి?"

"తెలుసు."

"మే నుంచీనా?"

"ఊఁ."

నా గిన్నెలోంచి ఒక కాయ తీసి వెలుగులో పెట్టి చూశాడు. "పీచు సరిగ్గా తీయలేదు చూడు," అని మిగిలిన దారం లాగేసి, కాయ మళ్లీ గిన్నెలో వేశాడు. లేచి లోపలికి వెళ్లాడు. ఆయన వెనక గొట్టం గడప మీదుగా పాక్కుంటూ వెళ్లింది. తల కొట్టేసినట్టయ్యుంటుంది ఆయనకి అనుకున్నాను. నాకు బాధ వెయ్యాలి. వెయ్యలేదు. మిగిలిన కాయలన్నీ ఒలిచి, రెండోసారి పీచు చూసి మరీ లోపలికి వెళ్లాను.

మా చర్చిలో రెండో పాట అయ్యాక ఎవరికి చెప్పుకోవాల్సింది ఉంటే వాళ్లు లేచి చెప్పుకుంటారు. ఒకరు కంటి ఆపరేషన్ బాగా జరిగిందని చెప్పారు. ఒకరు తాగుడు మానేసి నెలయిందన్నారు. తర్వాత నాన్న ముందు బెంచీ పట్టుకుని లేచాడు. పక్కన చక్రాల బండి మీద సిలిండర్. ఉత్తరాల సంగతి ఎత్తుతాడేమో అనుకున్నాను.

"నేను మీ అందరికీ తప్పు లెక్క చెప్పాను," అన్నాడు. ఆగాడు. ఆయన మాటలు నాలుగేసి కంటే ఎక్కువ కలిసి రావు. "అమ్మాయి చెప్పలేదు, నేనే చెప్పాను. తొంభై మూడు కాదు. ఆ పరీక్ష లెక్క వేరు. మా అమ్మాయికి వచ్చింది ముప్పై ఆరు."

ఎవరో గొంతు సవరించుకున్నారు. విల్మా అత్త చేతిలో విసనకర్ర ఆగింది.

"పోయిన నెల నన్ను ఊదించారు. నా ఊపిరితిత్తులు కూడా ముప్పై ఆరే. బయట పదకొండు మెట్లున్నాయి. ఆ ముప్పై ఆరుతోనే ఎక్కి వచ్చాను. మధ్యలో రెండుసార్లు ఆగాను, నిజమే." ఈసారి చాలాసేపు ఆగాడు. "నేను చెప్పొచ్చేది అదే. మా ఇద్దరి కోసం ప్రార్థన చేయండి."

కూర్చున్నాడు. నా వైపు చూడలేదు. నేనూ చూడలేదు. ముందున్న బెంచీ చెక్కల్లో మేకులు లెక్కపెట్టాను. తొమ్మిది. బ్రదర్ అర్లిస్ "ఆమెన్" అని మూడో పాట నంబరు చెప్పాడు.

అంతా అయ్యాక అర్లిస్ పొడుగు కర్ర పట్టుకుని బోర్డు దగ్గరికి వచ్చాడు. నాన్న, నేను కింద నిలబడ్డాం.

"ఏం పెట్టమంటావ్ డెల్మర్? మొత్తం తీసెయ్యనా?"

"పేరు ఉంచు. అభినందనలు తీసేసి ప్రార్థించండి అని పెట్టు. అంకె తీసెయ్."

అర్లిస్ నాలుగు తీశాడు. రెండు తీశాడు. తొమ్మిది తీసి, చేతిలో తిప్పి చూసుకుని, కింది వరుసలో దాని చోట పెట్టాడు. సాయంత్రం ప్రార్థన 6 గంటలకు. విల్మా అత్త మా వెనక నుంచి, "ఇప్పటికి తెలిసింది, నేనిన్నాళ్లూ ఎన్నింటికొస్తున్నానో," అంది. నాన్నకి నవ్వొచ్చింది. కారెక్కేదాకా నా భుజం మీద చెయ్యేసి నడిచాడు. మామూలుగా ఆయన బెంచీలూ గోడలూ పట్టుకుని నడుస్తాడు, మనుషుల్ని పట్టుకోడు.

మిగిలిన రెండు కళాశాలలు పంపిన ఫారాల్లో, మీ గురించి ఇంకేమైనా చెప్పదలిచారా అని ఒక గడి ఉంది. జూన్ నుంచీ దాన్ని ఖాళీగానే ఉంచాను. ఆ మధ్యాహ్నం కూర్చుని నాలుగు మాటలు రాశాను. నా మార్కు తక్కువ. మా అమ్మ పోయిన ఆరు వారాలకి పరీక్ష రాశాను. అమ్మ ఉండి ఉంటే ఎక్కువ వచ్చేదని ప్రమాణం చేయలేను. ఎక్కడ మొదలుపెట్టమంటే అక్కడ నుంచి మొదలుపెడతాను. చదువుకుంటే నాకే చప్పగా అనిపించింది. పంపేశాను.

ఒకటి వద్దంది. రెండు గంటల దూరంలో, మాలాంటి కొండల మధ్యే ఉన్న కళాశాల అక్టోబరులో ఇంటర్వ్యూకి రమ్మంది.

అమ్మ నల్ల కోటు వేసుకుని వెళ్లాను. ముగ్గురు కూర్చున్నారు. నడి మధ్య నెరిసిన జుట్టు డాక్టరమ్మ. నా కాగితాలు తిరగేసి ముక్కుసూటిగా అడిగింది. "ఈ మార్కుతో మా మొదటి ఏడాది నెగ్గుకురాగలనని నీకెందుకు అనిపిస్తోంది?"

"అనిపించట్లేదండి," అన్నాను. "ఈ మధ్య నాకు ఏదీ పెద్దగా అనిపించట్లేదు. కానీ నాలుగేళ్లలో ఒక్కరోజు కూడా పని మానలేదు. అమ్మని పూడ్చిన మర్నాడు కూడా వెళ్లాను."

"అది మంచి సంగతి అంటావా?"

"తెలీదండి. జరిగింది చెప్పాను."

ఆమె ఏదో రాసుకుంది. కారు ఎక్కాక, చెడగొట్టుకున్నానని తెలుస్తూనే ఉంది. మధ్యలో ఆగి బన్నులాంటి మెత్తటి బిస్కట్, గ్రేవీ తిని ఇంటికొచ్చాను. నాన్న "ఎలా జరిగింది?" అన్నాడు. "అడిగారు, చెప్పాను," అన్నాను. అంతకుమించి అడగలేదాయన.

ఉత్తరం డిసెంబరు మొదటి వారంలో వచ్చింది, మంచు మొదలైన రోజు. అప్పటికి నాన్న క్లినిక్ మెట్లు ఎక్కలేకపోతున్నాడు. డాక్టరు గారు చెప్పినట్టు నేనే ఇంట్లో పడక మీద పడుకోబెట్టి చేస్తున్నాను. పొయ్యిమీద అమ్మ కుండలో బీన్స్ ఉడుకుతున్నాయి, మేం ఒలిచినవే. ఉత్తరం చదివి మడిచి, ఆయన వీపు కింద చేతులు పెట్టాను.

"ఏమన్నారు?"

"సీటు ఇవ్వలేదు."

ఆయన కళ్లు మూసుకున్నాడు.

"పూర్తిగా వద్దనలేదు నాన్నా. ముందు ఒక ఏడాది అక్కడే చదవమన్నారు. వాళ్ల పాఠాలే, వాళ్ల మేష్టర్లే. అన్నిట్లో ఎనభై శాతం తెచ్చుకుంటే ఆపై ఏడాది సీటు ఖాయమంట. రాసిచ్చారు."

"అంటే ఎనిమిదేళ్లు."

"ఎనిమిది."

"డాక్టరుకి డెబ్బై తొమ్మిదొస్తాయి పాపం," అన్నాడు. కాసేపు ఊపిరి తీసుకున్నాడు. "సోమవారం నన్ను మళ్లీ ఊదించారు. నీకు చెప్పలేదు. ముప్పై మూడు."

నా చేతులు అక్కడే ఉన్నాయి. ఆక్సిజన్ మిషన్ తన మానాన తను తిరుగుతోంది.

"ఎనభై అన్నావు కదా," అన్నాడు కళ్లు మూసుకునే. "ఈసారి లెక్క సున్నా నుంచేనా?"

"సున్నా నుంచే నాన్నా."

"అయితే సరే."

అప్పుడు నా వేళ్ల మీద ఆయన పక్కటెముక కదిలింది. దగ్గు కాదు. ఎముక తనంతట తను, రవ్వంత, పైకి లేచి మళ్లీ దిగింది. తర్వాత దాని కిందది. ఇన్ని నెలలూ అది అక్కడే కదులుతూ ఉందని, తెలియంది నాకేనని అర్థమైంది. మార్చి నుంచి రాని ఏడుపు అప్పుడొచ్చింది. అమ్మ కోసం, ముప్పై మూడు కోసం, ఎనిమిదేళ్ల కోసం, అన్నీ కలిసి. ముక్కు తుడుచుకోడానికి కూడా చెయ్యి ఖాళీ లేదు. కన్నీళ్లు ఆయన చొక్కా మీద పడుతున్నాయి.

"ఏడువు," అన్నాడు నాన్న. "చేతులు మాత్రం తీయకు."

తీయలేదు.